పలాస జీడిపప్పు, నౌపడ ఉప్పు, క్లోరిన్ 35.45

పలాసలో జీడిపప్పు బేరం తెలిసినవాళ్లకి డబ్ల్యూ-320, డబ్ల్యూ-210 అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పౌనుకి ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ అంకె. 320 రకం పప్పు ఒక్కోటి సుమారు 1.4 గ్రాములు, 210 రకం సుమారు 2.2. మొదటి రకం మూడు, రెండోది ఒకటి చొప్పున కలిపి తూస్తే సగటు 1.6 వస్తుంది. కానీ 1.6 గ్రాముల పప్పు ఆ బస్తాలో వెతికినా దొరకదు.

క్లోరిన్ పరమాణు భారం 35.45 సరిగ్గా ఇలాంటి అంకే. దాన్ని ద్రవ్యరాశి సంఖ్యతో కలిపేయకూడదు. ద్రవ్యరాశి సంఖ్య ఒక్క పరమాణువుకి చెందినది. కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని, న్యూట్రాన్లు ఎన్ని అని లెక్కపెట్టి కూడితే వచ్చేది కాబట్టి ఎప్పుడూ పూర్ణాంకమే, ప్రమాణం ఉండదు. పరమాణు భారం ప్రకృతిలో దొరికే ఐసోటోపులన్నిటి (అదే మూలకంలో ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు మాత్రం వేరుగా ఉన్న రకాలు) సగటు, ఏది ఎంత ఉందో లెక్కలోకి తీసుకుని. కార్బన్-12 పరమాణువు బరువులో పన్నెండో వంతుతో పోల్చి చెబుతారు.

నౌపడ ఉప్పులో ఉన్న క్లోరిన్‌నే తీసుకోండి. వంద పరమాణువుల్లో 75.76 క్లోరిన్-35, 24.24 క్లోరిన్-37. ఈ శాతాలు సంఖ్యలో, బరువులో కాదు. చాలామంది 35, 37 పెట్టి గుణించేస్తారు, 35.48 వస్తుంది. మూలకాల పట్టికలో 35.45 ఉంటే అచ్చుతప్పు అనుకుంటారు. గుణించాల్సింది అసలు బరువుల్ని: 34.969, 36.966. అప్పుడు 35.45 వస్తుంది.

ద్రవ్యరాశి సంఖ్యకీ పరమాణు భారానికీ ఉన్న తేడా లాబ్‌లో తక్కెడకి తెలుస్తుంది. 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్) ఉప్పు ద్రావణానికి 1.461 గ్రాములు కావాలి. క్లోరిన్‌ని 35 అనుకుంటే 1.450 తూస్తారు. 11 మిల్లీగ్రాముల లోటు. సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ (చుక్కచుక్కగా కలిపి ఎంత క్లోరైడ్ ఉందో కొలవడం) చేసినప్పుడు అది బయటపడుతుంది.

దీనికి ఎదురు తప్పు ఇంకా ఎక్కువ. పరమాణు భారాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి, అదే ద్రవ్యరాశి సంఖ్య అనేయడం. రాగి 63.55 కాబట్టి 64, అందులోంచి 29 ప్రోటాన్లు తీసేస్తే 35 న్యూట్రాన్లు! ప్రకృతిలోని రాగి అంతా 63, 65 ద్రవ్యరాశి సంఖ్యలవే, 64 లేదు. బ్రోమిన్ 79.90 కూడా అంతే: అక్కడున్నవి 79, 81, దాదాపు సగం సగం. పరీక్షలో సవరిస్తే మార్కులు పడుతున్నాయి కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు.

మరి ఒక్క ఐసోటోపే ఉంటే రెండూ ఒకటేనా? చీపురుపల్లి, గర్భాం వైపు తవ్వే మాంగనీసుకి స్థిరమైన ఐసోటోపు ఒక్కటే, 55. పరమాణు భారం మాత్రం 54.938. 25 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు, 25 ఎలక్ట్రాన్లు విడివిడిగా తూస్తే 55.456 ఉండాలి. తగ్గిన 0.518 కేంద్రకాన్ని కట్టిపడేసే శక్తిగా పోయింది, సుమారు 482 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇక్కడ సగటు ప్రసక్తే లేదు, అయినా అంకె కలవలేదు.

సగటు కాబట్టి సరుకు ఎక్కడిదో దాన్నిబట్టి మారడమూ ఉంది. శ్రీకాకుళం తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం. థోరియం-232 క్షయించి చివరికి సీసం-208 అవుతుంది. యురేనియం-238 నుంచి వచ్చేది సీసం-206. 1914లో అమెరికా రసాయన శాస్త్రవేత్త థియోడర్ రిచర్డ్స్ యురేనియం ఖనిజాల సీసం మామూలు సీసం కన్నా తేలికని తూచి చూపించాడు. పట్టికలోని 207.2 మామూలు సీసానిది. థోరియం ఖనిజంలో పుట్టిన సీసం 208కి దగ్గరగా తూగుతుంది.