యలహంక నుంచి హిందూపురానికి సైకిలు మీద: దారిని ఎలా ఖాయం చేసుకున్నామంటే

బెంగళూరు ఉత్తర శివారు యలహంకలో కాపురముంటున్న మాకు హిందూపురం పరాయి ఊరు కాదు. మా పిన్ని అక్కడే ఉంటుంది. పండుగలకూ పేరంటాలకూ రైల్లోనో బస్సులోనో వెళ్లి వస్తూనే ఉంటాము. ఆ ఊరికి సైకిళ్ల మీద వెళ్దామన్న మాట మొదట ఎత్తింది మా ఆడపడుచు కొడుకు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు, గేర్ల సైకిలు కొనుక్కున్నాడు, సెలవు దొరికితే నంది కొండ మలుపులు ఎక్కి దిగి వస్తాడు. నేను యాభై దాటిన దానను. ఉదయాన్నే ఇంటి చుట్టుపక్కల గంటో గంటన్నరో తొక్కే అలవాటు ఉంది కాని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుకుంటూ వెళ్లింది లేదు. అందువల్ల ఈ ప్రయాణంలో తొక్కడం కన్నా ముందుగా ఆలోచించి పెట్టుకోవడమే నాకు పెద్ద పని అయింది. అలా వెళ్లాలనుకునే వారికి, ముఖ్యంగా నా వయసు ఆడవారికి, ఆ ఆలోచన అంతా పనికి వస్తుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

యలహంక నుంచి హిందూపురానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా హైదరాబాదు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద కొడికొండ దాకా వెళ్లి, ఎడమకు తిరిగి, లేపాక్షి మీదుగా హిందూపురం చేరవచ్చు. రెండవది రాజానుకుంటె, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా వెళ్లే రాష్ట్ర రహదారి. ఇది 80 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, మొదటి దారి అంతకన్నా బాగా చుట్టు. అయినా మావాడు మొదట జాతీయ రహదారికే మొగ్గాడు. "అత్తా, హైవే అయితే గుంతలు ఉండవు, పక్కన తెల్లగీత అవతల మనకు చోటు ఉంటుంది" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని నూరు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే కార్ల పక్కన పొద్దంతా తొక్కడం శరీరం కన్నా మనసును ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది. పైగా నేను దారిని చూసే లెక్క వేరు. ఎంత సాఫీగా వెళ్లగలము అన్నది కాదు, ఎక్కడ ఒళ్లు మొరాయిస్తే అక్కడ ఎంత సులువుగా ఆగిపోగలము అన్నది నేను మొదట చూశాను.

ఆ లెక్కలో దొడ్డబళ్లాపురం దారికి సాటి లేదు. బెంగళూరు నుంచి ధర్మవరం వైపు వెళ్లే రైలు మార్గం ఈ రోడ్డుకు కాస్త అటో ఇటో తోడుగా సాగుతుంది. రాజానుకుంటె, దొడ్డబళ్లాపురం, మాకళిదుర్గం, తొండేబావి, గౌరిబిదనూరు, విదురాశ్వత్థం, అన్నీ స్టేషన్లే. అన్నిటిలోనూ అన్ని రైళ్లూ ఆగకపోవచ్చు, కాని స్టేషన్ ఉన్న చోట ఊరు ఉంటుంది, ఊరు ఉన్న చోట బస్సు ఉంటుంది, సామాను ఎత్తే ట్రాలీ ఆటో ఉంటుంది. నేను ఒక కాగితం మీద ఈ పేర్లన్నీ వరుసగా రాసుకుని, ఒక్కొక్క దాని పక్కన అక్కడికి ఎన్ని గంటలకు చేరాలో, చేరలేకపోతే ఏమి చేయాలో రాసుకున్నాను. యలహంక నుంచి దొడ్డబళ్లాపురానికి 20 కిలోమీటర్లకు కాస్త పైన, అక్కడి నుంచి గౌరిబిదనూరుకు 40కి కాస్త తక్కువ, మళ్లీ హిందూపురానికి 20 పైన. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే తొక్కడానికే ఆరు గంటలు, విశ్రాంతికి రెండు గంటలు. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం రెండున్నరకు చేరాలి. పన్నెండు గంటలకల్లా గౌరిబిదనూరు చేరకపోతే అక్కడే ఆగిపోవాలని, ఆ గడియలో "ఇంకొంచెమే కదా" అన్న మాట ఎవరూ అనకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాము. అలసిన మనిషి తీసుకునే నిర్ణయాన్ని అలసట లేనప్పుడే తీసుకుని పెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

కాలం ఏది అన్నది తరువాతి ప్రశ్న. యలహంక సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, హిందూపురం 620 దగ్గర ఉంది. అంటే పోను పోను దాదాపు 300 మీటర్లు దిగుతాము. వినడానికి హాయిగా ఉంటుంది కాని, దిగిన కొద్దీ ఎండ కూడా ముదురుతుంది. మార్చి తరువాత ఆ వైపు మధ్యాహ్నం సైకిలు తొక్కడం నా వయసు వారికి మంచిది కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బెంగళూరు వానలు గట్టిగా ఉంటాయి. పుష్య శుద్ధ షష్ఠి రోజుల్లో ఘాటి సుబ్రహ్మణ్యంలో రథోత్సవమూ దానికి ముందువెనుకలుగా పశువుల జాతరా ఉంటాయి కాబట్టి దొడ్డబళ్లాపురం దాటాక రద్దీ తగులుతుంది. ఇవన్నీ చూసుకుని సంక్రాంతి వెళ్లిన తరువాత, జనవరి చివరి వారాన్ని ఎంచుకున్నాము. ఆ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మేము వెళ్లేది ఉత్తరానికి, కనుక అది కుడి భుజానికి ఎదురుగా తగులుతుంది. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, పొద్దెక్కాక లేస్తుంది. అందుకే ఎక్కువ దూరాన్ని పది గంటల లోపలే ముగించాలని లెక్క వేసుకున్నాము.

దొడ్డబళ్లాపురం దాకా ముందుగా ఒకసారి తొక్కి చూసి, ఆ ఊరు దాటి ఇంకొంత ముందుకు వెళ్లినప్పుడు ఏ మ్యాపులోనూ కనపడని సంగతి ఒకటి కంటబడింది. కోతలు అయిపోయిన ఆ రోజుల్లో రైతులు రాగి కంకులనూ ఉలవ కట్టెనూ తారు రోడ్డు మీదనే పరుస్తారు. బస్సులూ లారీలూ వాటి మీదుగా పోతే గింజ రాలుతుంది. రోడ్డే వారికి కళ్లం. సైకిలుకు మాత్రం అది ప్రమాదమే. ఉలవ తీగ చక్రానికి చుట్టుకుని చైనులోకి, గేరు పళ్లలోకి పోతుంది. రాలిన గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. అలాంటి చోట సైకిలు దిగి, పక్కనే నడిపించుకుంటూ వెళ్లాలని అనుకున్నాము. ఒక ముసలాయన చేటతో రాగులు తూర్పారబడుతూ మమ్మల్ని చూసి, కన్నడంలో, పక్కకు తోసి దారి ఇవ్వమంటారా అని అడిగాడు. ఆయన ఏడాది కష్టం అది. మేమే మట్టి మీదికి దిగి నడిచాము.

సైకిలును సిద్ధం చేసుకోవడానికి మా వీధి చివర మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. రిమ్ముల వంకర తీయించడం, బ్రేకు రబ్బర్లు మార్పించడం, చైను కడిగి నూనె వేయించడం అతడు చేసిపెట్టాడు. పంచరు మాత్రం నా చేతనే వేయించాడు. ఆ వైపు రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు విస్తారం. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అతడు ట్యూబు బయటికి తీసి, "అక్కా, ట్యూబు మార్చడం ఎవరికైనా వస్తుంది. ముల్లు టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ముందు ముల్లును పట్టుకోవాల" అన్నాడు. చిన్న దూది ముద్ద తీసుకుని టైరు లోపలి అంచు వెంట మెల్లగా తిప్పమన్నాడు. ఒక చోట దూది పోగు చిక్కుకుని ఆగింది. కంటికి కనపడనంత చిన్న ముల్లు మొన అక్కడ ఉంది. బయటి నుంచి చూస్తే టైరు నున్నగా ఉంది. చిమటాతో దానిని పీకి, నా అరచేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నా సంచిలో దూది తప్పకుండా ఉంటుంది.

అతడు చెప్పిన ఇంకొక సంగతి వాల్వుల గురించి. మావాడి సైకిలుది సన్న మూతి ప్రెస్టా వాల్వు. పల్లెల్లో మామూలు సైకిళ్లకు గాలి కొట్టే పంపు దానికి పట్టదు, మోటారు సైకిళ్లకు కొట్టేదీ పట్టదు. దానికి తగిలించే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది. అది ఉంటే మోటారు సైకిళ్ల పంచరు షాపు ఎక్కడ కనపడినా గాలి కొట్టించుకోవచ్చు. వేలి కొసంత ఉండే ఆ వస్తువు లేక సైకిలు నెట్టుకుంటూ నడిచే అవస్థ ఎవరికీ రాకూడదు. మేము రెండు కొని ఇద్దరి సంచుల్లో వేరువేరుగా వేసుకున్నాము. వాటితోపాటు చేతి పంపు, తలా రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లలు, చైను తెగితే కలిపే లింకు. అంతకు మించి బరువు పెట్టుకోలేదు.

నీళ్ల లెక్క సులువే. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాలి. చెరి రెండు సీసాలు, దారిలో నింపుకోవడానికి ఊళ్లు ఉండనే ఉన్నాయి. ఒక లీటరు నీళ్లలో కలుపుకునే ఓఆర్ఎస్ పొట్లాలు కొన్ని పెట్టుకున్నాము. తిండికి ఇంట్లో చేసిన వేరుశనగ చిక్కీలు, ఉప్పు కలిపిన పెరుగన్నం, అరటిపండ్లు. ఆడవారికి అసలైన చిక్కు మరుగుదొడ్డి. దీని గురించి ఎవరూ రాయరు. నీళ్లు తాగితే ఆగవలసి వస్తుందని తాగడం మానేసే ఆడవారిని నేను చూశాను. ఎండలో అది చాలా హాని. అందుకే నా కాగితంలో దారి పొడవునా ఉన్న పెట్రోలు బంకులు, బస్టాండ్లు, రైలు స్టేషన్లు గుర్తు పెట్టుకున్నాను. దొడ్డబళ్లాపురానికీ గౌరిబిదనూరుకూ మధ్య అవి పలచగా ఉంటాయి కనుక, దొడ్డబళ్లాపురంలో అవసరం అనిపించకపోయినా ఆగాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం.

ఇంట్లో మా వారు అడ్డు చెప్పలేదు. ఫోనులో మేము ఎక్కడ ఉన్నదీ కనపడేలా పెట్టమని, గౌరిబిదనూరు చేరగానే మాట్లాడమని మాత్రం అన్నారు. పిన్నికి చెప్పినప్పుడు, "ఏమ్మే, రైలుండగా సైకిలు మీద వస్తావుండావా?" అని ఒకటికి రెండు సార్లు అడిగి, చివరికి మధ్యాహ్నానికి సంగటి చేసి పెడతానంది.

బయలుదేరిన నాడు దొడ్డబళ్లాపురం దాకా మంచు దట్టంగా ఉంది. లైట్లు వేసుకుని, ఒకరి వెనుక ఒకరం, మాటలు లేకుండా తొక్కాము. కర్మాగారాలకు షిఫ్టులు మారే సమయం కావడంతో ఆ ఊరి ముందర బస్సులు, ఆటోలు కిక్కిరిసి ఉన్నాయి. ఊరు దాటాక మంచు విడిచింది. మాకళిదుర్గం కోట ఉన్న కొండ కనపడి, బండరాళ్ల గుట్టల మధ్య రోడ్డు దిగడం మొదలైంది. ఆ దిగుడులో మావాడు ముందుకు పోకుండా నా వెనుకే వచ్చాడు, వెనుక నుంచి లారీ వస్తే ముందుగా అరిచి చెప్పేవాడు. రాయి మోసే లారీలు ఆ దారిలో చాలా ఉంటాయి. వాటికి ఎదురుగా మరొక బండి వస్తున్నట్లు కనిపిస్తే మేము తారు దిగి నిలబడిపోయాము. అలా నిలబడిన ప్రతిసారీ ఒక నిమిషం పోతుంది. లెక్కలో విశ్రాంతికి రెండు గంటలు పెట్టుకున్నందువల్ల ఆ నిమిషాల గురించి ఆందోళన కలగలేదు.

గౌరిబిదనూరు పదకొండున్నరకు ముందే చేరాము. మా వారికి ఫోను చేసి, బస్టాండు దగ్గర టీ తాగి, గాలి అప్పటికే లేచినందున నెమ్మదిగా కదిలాము. విదురాశ్వత్థంలో ఎక్కువసేపు ఆగాలని ముందే అనుకున్నాము. విదురుడు రావిచెట్టు నాటిన చోటని స్థలపురాణం. నాగప్రతిష్ఠలు లెక్కకు మించి ఉంటాయి. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, పక్కనే పారుతుంది. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ గుమిగూడిన స్వాతంత్ర్య ఉద్యమకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ అమరుల స్మారకం ఇప్పుడు ఉంది. ఎన్నోసార్లు రైలు కిటికీలోంచి ఈ స్టేషన్ బోర్డు చూసిన దానను, దిగి చూడడం ఇదే మొదలు. పెరుగన్నం అక్కడే నీడలో తిన్నాము.

అక్కడి నుంచి హిందూపురం దాకా ఎండ, గాలి రెండూ ఉన్నాయి, కాని దూరం తక్కువ. రాష్ట్రం మారినట్లు బోర్డుల మీది లిపి మారేదాకా తెలియలేదు. రెండు దాటి కొంతసేపటికి పిన్ని వాకిట్లో సైకిళ్లు ఆనించాము.

తిరుగు ప్రయాణం గురించి మాత్రం ఇంకా చెప్పాలి. వెళ్లేటప్పుడు దిగిన 300 మీటర్లనూ వచ్చేటప్పుడు ఎక్కాలి కాబట్టి రైల్లో రావాలని మొదటే అనుకున్నాము. టికెట్టు ఉన్న ప్రయాణికులు సైకిలును లగేజీగా బుక్ చేసి రైలుకు ఉండే సామాను పెట్టెలో, అంటే బ్రేక్ వ్యానులో, పంపుకునే ఏర్పాటు రైల్వేలో ఉంది. అయితే ఈ బుకింగ్ అన్ని స్టేషన్లలోనూ ఉండదు, బండి ఒకటి రెండు నిమిషాలే ఆగే చోట సైకిలు ఎక్కించడం కుదరదు. కనుక ఏ బండికి కుదురుతుందో ఆ స్టేషన్‌లోనే ముందుగా కనుక్కోవాలి. మేము రెండో ఉపాయాన్నీ సిద్ధంగా ఉంచుకున్నాము. పిన్ని ఇంటి దగ్గర నుంచి బెంగళూరుకు సరుకు తెచ్చే చిన్న వ్యాను యజమానితో మాట్లాడి పెట్టుకున్నాము. చివరికి సైకిళ్లు ఆ వ్యానులోనే వచ్చాయి, హ్యాండిళ్లు పక్కకు తిప్పి, మధ్యలో గోనె సంచులు పెట్టి కట్టాము. మేము సాయంత్రం రైలెక్కాము. ఎండలు మొదలయ్యేలోగా పిన్ని ఇంటి నుంచే లేపాక్షికి, అక్కడి నుంచి కొడికొండ, బాగేపల్లి మీదుగా చిక్కబళ్లాపురం దాకా తొక్కాలని మావాడి పట్టు. ఆ దారిలో ఆగే చోట్ల పట్టిక రాయడం మొదలుపెట్టాను. హిందూపురం విడిచాక చిక్కబళ్లాపురం చేరేదాకా రైలు దగ్గరలో లేదు కనుక బస్సులు ఆగే ఊళ్ల పేర్లు అడిగి తెలుసుకుంటున్నాను.