ఏహెచ్‌ఐ బాగుందన్నారు, నా నిద్ర సంగతి ఎవరూ అడగలేదు: కావలి నుంచి నా అనుభవం

సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి నెట్టేది) పెట్టుకుని పడుకుంటున్నా పగలంతా తూలుతున్నవాళ్లు, "రిపోర్టు బాగుంది, మీకేం లేదు" అనిపించుకుని ఇంటిదారి పట్టినవాళ్లు ఇది చదవండి. నాకు దారి దొరికి ఎన్నో రోజులు కాలేదు. కోపం కూడా ఇంకా చల్లారలేదు.

మాది కావలి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గురక, లేవగానే తలనొప్పి, మధ్యాహ్నం పీరియడ్‌లో కళ్లు మూతలు పడటం ఉండేవి. నెల్లూరులో డాక్టరుకు చూపించుకుంటే ఇంట్లోనే చేసుకునే స్లీప్ టెస్ట్ రాశారు. గంటకు 11 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. ఏహెచ్‌ఐ అనేది ఈ లెక్కే. 5 లోపు మామూలు, 5 నుంచి 15 దాకా కొద్దిపాటి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), 30 దాటితే తీవ్రం. గాలి ప్రెషర్‌ను అవసరాన్ని బట్టి తానే మార్చుకునే ఆటో సీప్యాప్ కొన్నాం. మాస్కు తొందరగానే అలవాటైంది. కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

గురక పోయింది. ఫోన్‌లోని యాప్ ఏహెచ్‌ఐ 2 లోపే చూపించేది. తలనొప్పి మాత్రం పోలేదు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు బరువుగానే ఉండేది. సరే, అడుగుదామని పొగతోటలో మెషిన్ అమ్మిన షాపుకి వెళ్లాను.

కౌంటరు దగ్గర ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. షాపాయన నా ఫోన్ తీసుకుని చూసి, దాన్ని వాళ్లందరి వైపు తిప్పి పట్టుకున్నాడు. "ఏందమ్మా, అంతా పచ్చగా ఉంటే! నూటికి 98 మార్కులు. టీచరమ్మవి, నీకు మార్కులు తెలవ్వా?" అన్నాడు. మీరు అని కూడా కాదు, నువ్వు. ఫ్లో లిమిటేషన్ అని ఒకటుందట, ఊపిరి ఆగకపోయినా గొంతు ఇరుకై గాలి సరిగా పారకపోవడం, అది నాకెంత ఉందో చూడగలరా అని అడిగాను. "అట్టాంటియ్యేం లేవు. ఇంటర్నెట్ చూసి జబ్బులు తెచ్చుకోబాకు. ఈ వయసులో ఆడోళ్లకి అలుపు మామూలే" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. మెషిన్‌లో ఉండాల్సిన ఎస్‌డీ కార్డు (మెమరీ కార్డు) ఏదని అడిగితే, దాంతో మీకేం పని, అది మాకు అన్నాడు. కార్డు తీసేసి మెషిన్ అమ్మాడన్నమాట. అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన తలెత్తకుండానే "ఏహెచ్‌ఐ నార్మల్, టెన్షన్ ఎక్కువైంది" అని నిద్రమాత్ర రాసిచ్చారు. ఆ చీటీ మందుల షాపు దాకా పోలేదు.

మగవాడు అలసటగా ఉందంటే పది టెస్టులు రాస్తారు. ఆడది అదే మాట అంటే టెన్షన్ అంటారు. నెల్లూరు అనే కాదు, చాలాచోట్ల ఇదే తీరు. మా స్కూల్లో ఆడ టీచర్లలో సగం మంది ఈ మాట పడ్డవాళ్లే.

ట్రంకు రోడ్డులో ఒక సెల్ షాపులో 32 జీబీ ఎస్‌డీ కార్డు కొని మెషిన్ పక్కనున్న చిన్న మూత తీసి పెట్టాను. ప్రతి ఊపిరి వివరం కార్డులోకే ఎక్కుతుంది, అదీ కార్డు పెట్టిన రోజు నుంచే. ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు సెలవులకొచ్చి లాప్‌టాప్‌లో ఓస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిపెట్టాడు. "పిన్నీ, గ్రాఫులన్నీ నీ సబ్జెక్టే, ఇక నువ్వు చూసుకో" అన్నాడు. నిజంగానే చూసుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లలకు గ్రాఫులు నేర్పుతున్నదాన్ని, ఆ గీతలు చదవడానికి నాకు ఒకరి సాయం అక్కర్లేకపోయింది.

ఫ్లో రేట్ అనే గ్రాఫును రెండు మూడు నిమిషాల ముక్క కనపడేదాకా పెద్దది చేసి చూడాలి. గీత పైకి లేస్తే ఊపిరి తీసుకోవడం, కిందికి దిగితే వదలడం. ఆరోగ్యంగా ఉన్న ఊపిరి గుండ్రంగా లేచి గుండ్రంగా దిగుతుంది. నాది తెల్లవారుజామున మూడు దాటాక చూస్తే, లేచిన గీత పైన బల్లపరుపుగా ఉంది. కొన్నిచోట్ల నడుమ నొక్కుకుపోయి అటూ ఇటూ రెండు కొమ్ములు. అలా వరసగా ఊపిరి తర్వాత ఊపిరి సాగి, ఉన్నట్టుండి ఒక పెద్ద ఊపిరి, ఆ వెంటనే కాసేపు గుండ్రటి గీతలు, మళ్లీ మొదలు. మెషిన్ ప్రెషర్ 6 నుంచి 9 దాకా ఎగబాకి ఉంది. ఇంత జరిగినా ఊపిరి ఆగినట్టు అక్కడ ఒక్క గుర్తు కూడా పడలేదు!

ఎందుకు పడలేదంటే, ఊపిరి ఆగినా బాగా తగ్గినా కనీసం 10 సెకన్లు ఉంటేనే ఏహెచ్‌ఐ లెక్కలోకి వస్తుంది. నాకు ఆగడం లేదు, గొంతు ఇరుకైపోతోంది. కొబ్బరి బోండంలో మెత్తటి స్ట్రా వేసి గట్టిగా పీలిస్తే స్ట్రా నొక్కుకుపోయి, ఎంత పీల్చినా నీళ్లు అంతే వస్తాయి చూడండి, ఇదీ అంతే. గాలి అందుతూనే ఉంటుంది కానీ దాని కోసం ఛాతీ రాత్రంతా కష్టపడాలి. ఆ కష్టానికి మెదడు కాసేపు మేలుకుంటుంది. ఇంటి టెస్టులో తలకు తీగలు ఉండవు కాబట్టి ఆ మెలకువ లెక్కకు రాదు. "అట్టాంటియ్యేం లేవు" అన్న పెద్దమనిషికి తెలియాల్సింది ఏమిటంటే, ఊపిరి ఆగకుండానే ఈ ఇరుకు వల్ల పగటి నిద్రమత్తు వస్తుందని స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిల్‌మినో బృందం 1993లోనే రాసింది.

నాలాంటి రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లు ఈ ఇరుకును 0 నుంచి 1 దాకా అంకెగా కూడా చూపిస్తాయి. నాకు 95 శాతం దగ్గర 0.22 ఉండేది, అంటే రాత్రిలో 95 శాతం సేపు అంతకు మించలేదని. ఆ అంకె ఒక్కటే పట్టుకుని భయపడకండి. మెలకువగా ఉన్నప్పుడు గీతలు ఎలాగూ వంకరగా వస్తాయి, కలలొచ్చే నిద్రలో కూడా ఊపిరి ఒక తీరుగా ఉండదు. మాస్కు పక్కల నుంచి గాలి కారుతుంటే గ్రాఫును నమ్మలేం, అందుకే ముందు లీక్ గీత చూడాలి. అక్కడక్కడా నాలుగు బల్లపరుపు ఊపిర్లు అందరికీ ఉంటాయి. వరసగా సాగి పెద్ద ఊపిరితో ముగిసేవే చూడాల్సినవి.

ఆ పేజీలు ప్రింటు తీసుకుని ఒంగోలులో ఒక చిన్న వయసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని ప్రతి కాగితం చూశారు. "ఇవి మీరే గుర్తుపట్టారా అండీ?" అని అడిగారు. ఆ ఒక్క మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపువాడు కనీస ప్రెషర్‌ను కంపెనీ ఇచ్చిన 4 దగ్గరే వదిలేశాడు, ఈపీఆర్ ఆపేసి ఉంచాడు. ఈపీఆర్ అంటే ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను 1 నుంచి 3 దాకా తగ్గించేది. తీసుకునేటప్పుడు మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఆ తేడా పీల్చడానికి ఊతంగా ఉంటుందట. అయితే మెషిన్ 4 కిందికి దిగదు కాబట్టి, కనీస ప్రెషర్ 4 దగ్గరే ఉంటే తగ్గడానికి చోటుండదు. ఆమె కనీసం 7 చేసి, ఈపీఆర్ 3 పెట్టారు. ముక్కు అలర్జీకి స్ప్రే రాశారు, ముక్కు మూసుకుపోయినా ఇరుకు పెరుగుతుందని. ఈ మార్పులు మీ అంతట మీరు చేసుకోకండి. గ్రాఫులు చూసే డాక్టరును వెతుక్కోండి, ఊరు మారాల్సి వచ్చినా సరే.

ఇప్పుడు నా అంకె 0.04. గీతలు గుండ్రంగా వస్తున్నాయి, తలనొప్పి పోయింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం పడుకోకుండానే గడిచింది, నాకు గుర్తున్నంతలో ఈ మధ్య అలాంటి ఆదివారం లేదు.

మెషిన్ కొనేవాళ్లు కార్డు లోపల ఉందో లేదో కౌంటరు దగ్గరే మూత తీసి చూసుకోండి. కంప్యూటర్‌లో పెట్టేముందు కార్డు అంచునున్న చిన్న లాక్ కిందికి జరపండి, లేదంటే కంప్యూటర్ దానిమీద ఏదైనా రాసేయొచ్చు. మెషిన్‌లోకి తిరిగి పెట్టేటప్పుడు లాక్ తీయడం మరవొద్దు. మా స్కూల్లో సోషల్ చెప్పే మేడమ్ కూడా తన కార్డు తెచ్చిచ్చారు. ఆమెకు ఇరుకు లేదు, మాస్కు లీకే. మాస్కుకి కొత్త కుషన్ తెప్పించుకుంటున్నారు, ఆ షాపు నుంచి మాత్రం కాదు.