నెట్ దగ్గరికి ఉరికే తాతయ్య

పిల్లలకు తెలుగు నిలవాలంటే ఏం చేయాలన్నది చెన్నైలోని మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం కలిసినప్పుడల్లా వచ్చే ప్రస్తావన. ఒకరు ఆదివారం క్లాసులంటారు, ఒకరు పద్యాలు బట్టీ పట్టించమంటారు. నేను మాత్రం టెన్నిస్ వీడియో గేమ్ అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ.

మా ఇంట్లో ఉన్నది మారియో టెన్నిస్ ఏసెస్, 2018లో నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ కోసం వచ్చిన గేమ్. కన్సోల్ రిచీ స్ట్రీట్‌లో కొన్నాం. దానికి రెండు పక్కలా ఉండే జాయ్‌కాన్‌లను, అంటే చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లను, ఊడదీసి చెరొకటి పట్టుకోవచ్చు. తెరను టీపాయ్ మీద నిలబెడితే ఇద్దరికి ఆట సిద్ధం. ఒంటరిగా ఆడే వీలూ ఉంది కానీ మా పిల్లలకు అందులో రుచి లేదు, ఓడించడానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ పక్కనున్న మనిషిని బట్టే నోట్లోంచి వచ్చే భాష.

ఎదురు ఫ్లాట్ కుర్రాడు వస్తే "డేయ్, సెమ్మ షాట్‌రా!" అని ఇల్లంతా తమిళం. నాకేం బాధ లేదు. ఇక్కడ 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి, పైగా వీళ్లు పుట్టి పెరుగుతున్న ఊరు ఇది. ఆ భాష బాగా రావాల్సిందే. తెలుగు వేడెక్కేది తెనాలి నుంచి మా నాన్నగారు దిగినప్పుడే.

ఆయన కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడారు. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, బంతి నేల తాకిందంటే పాయింట్ పోయినట్టే. ఆ అలవాటు ఈ వయసులో ఎక్కడికి పోతుంది! గేమ్‌లో కూడా బంతి నేల మీద పడేదాకా ఆగలేరు, బొమ్మను నెట్ దగ్గరికి ఉరికిస్తారు. పెద్దాడు బంతిని ఎత్తుగా లేపి ఆయన నెత్తి మీదుగా లాబ్ వేస్తాడు.

"ఒరేయ్, దొంగదెబ్బ!"

"దొంగదెబ్బ కాదు తాతయ్యా, నువ్వే వెనక ఉండాలి. ఒకసారి కింద పడ్డాక కూడా కొట్టొచ్చు."

"పడ్డాక కొట్టడం ఒక ఆటేనట్రా?"

ఇంతటి వాదన వాడు తెలుగులో నాతో ఏనాడూ పెట్టుకోలేదు. నాతో అయితే "సరే", "తర్వాత", అంతే. తాతయ్యకు ఇంగ్లిష్‌లో చెబితే విననట్టు ఊరుకుంటారు, తమిళం నిజంగానే రాదు. గెలిచిన సంగతి ఒప్పించాలంటే తెలుగులో పోట్లాడక తప్పదు.

ఈ గేమ్‌లో జోన్ షాట్‌ను, అంటే గురిచూసి కొట్టే బలమైన దెబ్బను, సమయం తప్పి అడ్డుకుంటే రాకెట్ దెబ్బతింటుంది, చివరికి విరుగుతుంది. అన్నీ విరిగితే మ్యాచే పోతుంది. తన రాకెట్ మొదటిసారి విరిగినప్పుడు నాన్నగారు ఆట ఆపేసి, రాకెట్ గట్ (అల్లిక తీగ) తెగితే మళ్లీ వేయించుకోవడానికి పడిన అవస్థలు మొదలుపెట్టారు. అక్కణ్నుంచి పిచ్చయ్యగారి దగ్గరికి వెళ్లారు: బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు అందుకున్న మన తెలుగాయన, జమ్మలమడక పిచ్చయ్య. పిల్లలు ఆ పేరు వినడం అదే మొదలు. అసలు ఆ ఆట పుట్టింది తంజావూరులో అని కూడా ఆయనే చెప్పారు.

పెద్దాడు కళ్లింత చేసుకున్నాడు. "తంజావూరా? అయితే తాతయ్యా, నువ్వు చిన్నప్పట్నుంచీ ఆడింది మా ఆట!"

"మీదేంట్రా? మీ ఇంటిపేరు ఏ ఊరిదో అడుగు మీ అమ్మని."

ఆ తగువు ఇంకా తెగలేదు. ఈలోగా ఇంట్లో కొత్త నియమం వచ్చింది: సర్వీసు ఒక్కటి వదిలేసి, మిగతా బంతులన్నీ నేల తాకకుండానే కొట్టాలి. కన్సోల్ తన లెక్క తనే వేసుకుంటుంది కాబట్టి, మా లెక్క చూడ్డానికి చిన్నదాన్ని అంపైర్‌గా కూర్చోబెట్టాం. తీర్పులన్నీ తెలుగులోనే ఇస్తుంది, పక్షపాతం మాత్రం పూర్తిగా తాతయ్య వైపే.