రిజిస్టర్‌లో పేరు తీసేసిన తర్వాత

మా అంగన్‌వాడీలో బిడ్డకు ఆరేళ్లు నిండగానే రిజిస్టర్‌లో పేరు తీసేస్తాం. అప్పటిదాకా నెలనెలా బరువు చూస్తాం, ఎత్తు చూస్తాం, అనుమానం వస్తే జబ్బకు టేపు చుట్టి చూస్తాం. ఆరేళ్లు దాటితే బడికి పోతారు, ఇక వాళ్ల లెక్క మా దగ్గర ఉండదు. ఊరి బిడ్డలందరికీ అట్లే చేశాను, నా ఇద్దరికీ అట్లే చేశాను. పెద్దదానికి ఇప్పుడు 17, చిన్నోడికి 14. పేర్లు తీసేసిన తర్వాత వీళ్లిద్దరూ ఎట్లా పెరిగారో ఏ కార్డులోనూ లేదు. అది రాసి పెట్టాలని చానా రోజులుగా అనుకుంటున్నా.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎర్రనేల, శెనక్కాయ, అందులో సాళ్లకు కంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అదీ అదును తప్పి పడుతుంది. మా ఆయన సేద్యం చేస్తాడు. ఇంట్లో మా అత్తమ్మ కూడా ఉంటుంది, పిల్లలకు జేజి.

చిన్నోడు పుట్టినప్పుడు 2.2 కిలోలు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క అని గర్భిణులకు చెప్పేది నేనే. ఏడాది నిండేసరికి వాడు 7.3 కిలోలకు వచ్చాడు. ఆ వయసు మగబిడ్డ సగటున 9.6 కిలోలు ఉంటాడు, 7.7కు తగ్గితే చుక్క పసుపు పట్టీలో పడుతుంది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, మగపిల్లల ఎదుగుదల పట్టికకు నీలం అంచు, ఆడపిల్లలకు గులాబీ అంచు ఉంటుంది. లోపల ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. ఆకుపచ్చ అంటే వయసుకు తగ్గ బరువు, పసుపు అంటే తక్కువ, నారింజ అంటే మరీ తక్కువ. ఎంతోమంది బిడ్డల కార్డుల్లో చుక్కలు పెట్టిన చెయ్యి నాది. నా కొడుకు చుక్క పసుపులో పెట్టేటప్పుడు పెన్ను పట్టుకుని కాసేపు అట్లే కూర్చున్నా.

అప్పట్లో దూలానికి వేలాడదీసే సాల్టర్ తక్కెడే మాకు దిక్కు. బిడ్డను గుడ్డ చడ్డీలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలిస్తే ముల్లు ఎక్కడ ఆగిందో గదిలో ఉన్న అందరికీ కనిపిస్తుంది. "టీచరమ్మ కొడుకే పసుపులో ఉన్నాడు, ఇంక మనకేం చెప్తుందిలే" అని కొళాయి దగ్గర ఒకామె అన్నదని నా చెవిన పడింది. ఆ మరుసటి నెల నుంచి అందరికంటే ముందు నా కొడుకునే తూకం వేశాను, తల్లులందరూ వచ్చి కూర్చున్న తర్వాతే. ఏం తినిపిస్తున్నానో కూడా అక్కడే చెప్పేదాన్ని. వేయించిన శెనక్కాయలు పొట్టు తీసి బెల్లంతో దంచిన పొడి, రాగిజావ, ఉడికించిన గుడ్డు, పప్పన్నంలో నెయ్యి. ఒకేసారి ఎక్కువ కాదు, కొంచెం కొంచెం రోజుకు ఐదారు సార్లు. రెండేళ్లకు కొంచెం ముందుగా వాడి చుక్క ఆకుపచ్చను తాకింది. ఆ పొద్దు కార్డు అందరి చేతులూ తిరిగింది. కొళాయి దగ్గర మాట అన్న ఆమే, శెనక్కాయ పొడిలో బెల్లం ఎంత కలపాల అని నన్ను అడిగి చేసుకుపోయింది. ఆమె బిడ్డ కూడా ఇప్పుడు మావాడితో పాటే బడికి పోతాడు.

వాడికి ఇప్పుడు గొంతు మారింది. ఫోన్‌లో మాట్లాడితే వాళ్ల నాయన అనుకుంటున్నారు. పై పెదవి మీద నూగు మీసం వచ్చింది. ఉగాదికి కొన్న ప్యాంటు దసరాకే చీలమండలు దాటి పైకి పోయింది. 20 లీటర్ల నీళ్ల క్యాను భుజానికెత్తుకుని మెట్లెక్కుతాడు. నేను వెనకాల నిలబడి చూస్తా. తక్కెడలో కాళ్లు వేలాడేసుకుని ఏడ్చిన వాడే కదా అనుకుంటా. వద్దన్నా కళ్లల్లో నీళ్లు వస్తాయి.

రెండేళ్లప్పటి ఎత్తుకు రెట్టింపు చేస్తే రమారమి పెద్దయినాక ఉండే ఎత్తు వస్తుందని అంటారు. రెండేళ్లకు వాడు 83 సెంటీమీటర్లు, అంటే 166. ఈ లెక్క ఎప్పుడో మాటల్లో చెప్పాను, వాడు మర్చిపోలేదు. సెలవు రోజుల్లో సెంటర్‌కు వస్తే ఎత్తు కొలిచే స్టాండ్ కింద నిలబడి "చూడు మా" అంటాడు. మొన్న చూస్తే 161 ఉన్నాడు. "ఇంకా 5 సెంటీమీటర్లే, నీ లెక్క దాటేస్తా" అన్నాడు. మగపిల్లలు పదిహేడు, పద్దెనిమిది దాకా పెరుగుతారు. వీడు దాటుతాడు, నాకు నమ్మకం ఉంది.

కానీ వాడి గురించి నేను చెప్పుకోవాలనుకున్నది ఎత్తు గురించి కాదు. 2023 డిసెంబర్ 12న రాష్ట్రంలో అంగన్‌వాడీల సమ్మె మొదలైంది. జీతం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని అడిగాం. 42 రోజులు సాగింది. నేను పొద్దున్నే శిబిరానికి పోతే చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. పెద్దది పదో తరగతి, దానికి స్పెషల్ క్లాసులు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి ముందర ఎక్కువసేపు నిలబడలేదు. ఒకరోజు వచ్చేసరికి ఏడో తరగతి చదివే నా కొడుకు సంగటి కెలుకుతున్నాడు.

సంగటి అంటే తేలిక కాదు. బియ్యం మెత్తగా ఉడకాల, నీళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో కంటితో తెలియాల. రాగి పిండి పైన కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి, కదపకుండా మగ్గనియ్యాల. తొందరపడి కలిపితే ఉండలు కడుతుంది. తర్వాత గిన్నె కదలకుండా కాళ్లతో అదిమిపట్టి, రెండు చేతులతో కట్టె తిప్పాల. వాడు గోనెపట్ట మీద గిన్నె దించుకుని, వాళ్ల జేజి మంచం మీద నుంచి చెప్తుంటే పళ్లు బిగబట్టి తిప్పుతున్నాడు. ముంజేతుల నిండా పిండి. నేను చెప్పులు విడిచి చెయ్యి వేయబోతే "నువ్వు కూర్చో మా, అయిపోయింది" అన్నాడు. ముద్దలు చేసి, గిన్నెలో ఊరిబిండి, అదే మా పక్క రోటి పచ్చడి, వేసి పెట్టాడు. ఊరిబిండి కూడా వాడే రోట్లో నూరాడంట, పచ్చిమిరపకాయ ఘాటుకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కింటి ఆమె తలుపు దగ్గర నిలబడి "మగపిల్లోనితో సంగటి కెలికిస్తారా ఎవరన్నా" అంది. "మాయమ్మ శిబిరంలో కూర్చుంది కదా పిన్నీ, ఇంక ఎవరు చేస్తారు" అని వాడే చెప్పాడు, మెత్తగా. మా అత్తమ్మ తిని "ఉప్పు తక్కువైంది" అంది. ఇంకో ముద్ద అడిగి వేయించుకుంది.

సమ్మె అయ్యేదాకా చానా పూటలు వాడి చేతి సంగటే తిన్నాం. ఆ దినాల్లో నేను ధైర్యంగా శిబిరంలో కూర్చోగలిగానంటే ఇంట్లో పొయ్యి దగ్గర వాడు ఉన్నాడనే.

మా అత్తమ్మ "ఉప్పు తక్కువైంది" అనడం గురించి ఒక మాట. మా పక్క బిడ్డల్ని ఎదురుగా పొగడరు, ఆయుక్షీణం అంటారు. మాయమ్మ కూడా అంతే. నేను పదో తరగతి పాసైనప్పుడు నా మొహం ముందర ఒక్క మాట అనలేదు. బావి దగ్గర మాత్రం ఊరంతటికీ చెప్పుకుంది. "మీయమ్మ ఎంత సంబరపడిందో" అని వేరేవాళ్లు చెప్తే తెలిసింది. సంతోషం వేసింది, ఆ మాట ఆమె నోటితో వినాలని కూడా అనిపించింది. ఇప్పుడు ఆమె లేదు.

సెంటర్‌లో నేను రోజూ చూస్తుంటా. మూడేళ్ల బిడ్డను స్టాండ్ కింద నిలబెట్టి "అబ్బో, పెద్దోనివి అయినావే" అంటే చాలు, మెడ సాచి, మడమలు లేపి ఇంకా పొడుగవ్వాలని చూస్తాడు. వాళ్లమ్మ ఆ పొద్దు బిడ్డను చంకనెత్తుకునే తీరే వేరుగా ఉంటుంది. ఊరి బిడ్డలకు పనికొచ్చే మాట నా బిడ్డలకు ఎందుకు పనికిరాదు? అందుకే నేను చెప్తా. సంగటి బాగుంటే బాగుంది నాయనా అంటా, మంచి పని చేస్తే దగ్గరకు తీసుకుని చెప్తా. మా అత్తమ్మ వెంటనే ఉప్పు, ఎండుమిరపకాయలు చేతిలోకి తీసుకుంటుంది. తియ్యనీ. ఆమెకున్న భయం కూడా వాళ్ల మీది ప్రేమతోనే.

పెద్దదాని గురించి చెప్పాల. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. అంతవరకు మాకు 11 రిజిస్టర్లు, చేతి రాత. ఒక్కసారిగా అంతా ఫోన్‌లో ఎక్కించాలన్నారు. నాకు ఫోన్ అంటే మాట్లాడడం, ఫొటోలు చూడడం వరకే. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అది అప్పుడు ఏడో తరగతి. అన్నం తిన్నాక నా పక్కన కూర్చుని, "నువ్వే నొక్కు మా, నేను నొక్కితే నీకు రాదు" అనేది. ఫోన్ ఒక్కసారి కూడా నా చేతిలోంచి లాక్కోలేదు. తప్పు నొక్కితే విసుక్కోలేదు, మళ్లీ మొదటి నుంచి చేయించేది. నోట్‌బుక్ కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది, ముందు ఏది తెరవాల, తర్వాత ఏది అని. తర్వాత సెక్టార్ మీటింగ్‌లో వేరే ఊళ్ల టీచర్లు నన్ను అడిగి నేర్చుకున్నారు. ఎవరు నేర్పించారని సూపర్‌వైజర్ మేడం అడిగితే, అందరి ముందర నిలబడి "నా కూతురు" అన్నా. ఆ రెండు మాటలకు నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకే తెలియలేదు.

ఇప్పుడది ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. రోజూ బస్సులో పోయి వస్తుంది. బైపీసీ అనగానే అందరూ "డాక్టరా, నర్సా" అని అడుగుతారు. అది అగ్రికల్చర్ బీఎస్సీ అంటుంది. ఎందుకో మాకు పోయిన ఏడు ఖరీఫ్‌లో తెలిసింది.

మేము వేసేది కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కే-6 రకం శెనక్కాయ. పోయిన పంటలోది కాయలుగా దాచిపెట్టి, వానకు ముందు వలిచి ఇత్తనం చేస్తాం. మా ఆయన ఒక గింజ కొరికి చూసి బాగుంది అంటే బాగున్నట్టే, వాళ్ల నాయన కాలం నుంచి అంతే. ఆ రోజు పెద్దది "నూరు గింజలు ఇయ్యి నాయనా" అని అడిగింది. ఏరి ఇవ్వబోతే వద్దంది, చెయ్యి పెట్టి వచ్చినవి వచ్చినట్టు తీసుకుంది. గోనెసంచి ముక్క తడిపి పిండి, నేల మీద పరిచి, పది పది చొప్పున పది వరసలు పెట్టింది. గింజకూ గింజకూ మధ్య వేలెడు సందు. పైన ఇంకో తడి ముక్క కప్పి, చాపలాగా చుట్టి, వంటింట్లో నీళ్ల బాన పక్కన పెట్టింది. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించేది, తమ్ముణ్ణి తాకనియ్యలేదు.

నాలుగైదు రోజులకు విప్పింది. మేమంతా చుట్టూ చేరాం. తెల్లగా లావుగా మొలకలు వచ్చినవి ఒకపక్క, బూజు పట్టినవి ఒకపక్క తీసి పెట్టింది. 62 మొలిచాయి. "ఇత్తనం శెనక్కాయకు నూటికి 70 అన్నా మొలవాల నాయనా. ఇట్లే వేస్తే సాళ్లలో సందులు పడతాయి" అంది. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. బయటికి పోయి బీడీ కాల్చుకుని వచ్చాడు. "అయితే ఏం చేద్దాం చెప్పు" అని అడిగాడు.

ఆ మాట విన్న క్షణం నాకు బాగా గుర్తుంది. ఇరవై ఏళ్లకు పైగా సేద్యం చేసిన మనిషి కూతుర్ని సలహా అడిగాడు, అదీ పెద్దమనిషిని అడిగినట్టు.

అది మూట మొత్తం కింద పోయించింది. ముడతలు పడ్డవి, పైపొర ఊడినవి, పగిలినవి ఏరాల అంది. అందరం కూర్చున్నాం, మా అత్తమ్మ కూడా చేట పట్టుకుంది. ఏరిన వాటిలో మళ్లీ నూరు పెట్టి చూస్తే 78 వచ్చాయి. తక్కువ పడిన ఇత్తనం కొన్నాం. వాన పడి పదునైనాక గొర్రు కట్టించి వేశాం. తర్వాత మా ఆయన టీ అంగడి దగ్గర "మా పాప చెప్పింది" అని అందరికీ చెప్పాడంట. ఇంట్లో మాత్రం దానితో అనలేదు. నేనే దాన్ని పిలిచి, మీ నాయన ఇట్లా అన్నాడంట అని చెప్పా. తల దించుకుని నవ్వింది. నేను అప్పుడే ఇంకోటి కూడా చెప్పా, నువ్వు నా కడుపున పుట్టినందుకు నాకు గర్వంగా ఉంది అని. "ఊరుకో మా" అంది గానీ, లేచి పోలేదు, నా పక్కనే కూర్చుంది.

అగ్రికల్చర్ సీటు కోసం ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాస్తుంది. సీటు వస్తే తిరుపతో, మహానందో, ఎక్కడ వస్తే అక్కడ హాస్టల్‌లో వేయాల, నాలుగేళ్లు. ఫీజులు, బస్సు చార్జీలు ఇప్పటి నుంచే లెక్క వేసుకుంటున్నా. అది లేని ఇల్లు ఎట్లుంటుందో మాత్రం ఇంకా ఆలోచించలేదు, ఆలోచించబుద్ధి కావడం లేదు. మొన్న రాత్రి అన్నాల దగ్గర మా ఆయన అడిగాడు, "నువ్వు పోతే మన ఇత్తనాలు ఎవరు చూస్తారు" అని. అది సంగటి ముద్ద తుంచుకుంటూ తమ్ముడి వైపు చూపించింది. "వీనికి నేర్పిస్తా నాయనా. లెక్క తప్పితే నాకు ఫోన్ చెయ్యమను."