పేరేంటండీ

"నాన్నగారి పేరేంటండీ?" అని అడిగిందా అమ్మాయి. నాకు గొంతు పెగల్లేదు.

మధ్యాహ్నం 14416కి ఫోన్ చేశా. టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగు ఎంచుకుని, అవతల ఎత్తేలోపు రెండుసార్లు పెట్టేద్దామనుకున్నా. కారణం వింటే నవ్వుతారు. పొద్దున నాన్న సిమ్‌కి మళ్లీ రీఛార్జ్ చేశా. 2021 మే నుంచీ చేస్తూనే ఉన్నా. ఆ ఫోను బీరువాలో ఆయన పంచెల మధ్య ఉంటుంది.

ఎప్పుడు పోయారని అడిగితే సంవత్సరం చెప్పడానికి సిగ్గేసింది. "ఇంకానా?" అంటుందేమోనని. అనలేదు.

కరోనా రోజులు, ముఖం చూడలేదు కదా మేం. జిప్ కవరు, దూరంగా పీపీఈ కిట్లలో నలుగురు. పెద్దకర్మ వాట్సాప్ వీడియోలో. పరామర్శకి గుమ్మం తొక్కినవాళ్లు లేరు. వాళ్లననేదేముంది, నేనూ ఎవరింటికీ వెళ్లలేదు.

తర్వాత 50 వేల ఎక్స్‌గ్రేషియా కోసం కాగితాలు పట్టుకుని తిరిగా. అక్కడా పేరడిగారు, కాలమ్ నింపడానికి.

అప్పటికి ఈ నంబరు లేదు. 2022 అక్టోబరులో వచ్చింది. నేను చేయడానికి ఇన్నాళ్లు పట్టిందంటే అది నా మొండితనం.

ఇవాళ పేరు చెప్పా, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. ఉప్మాలో పంచదార వేసుకునేవారని కూడా చెప్పినట్టున్నా. "పంచదారా?" అని నవ్విందా అమ్మాయి. నాకూ నవ్వొచ్చింది.

వచ్చే గురువారం మళ్లీ చేయమంది.

రీఛార్జ్ మాత్రం 84 రోజులది వేశా.