హారన్ మోగట్లేదని ఫోన్ వస్తే

పాత కార్ల హారన్లు బాగుచేసే నాకు ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఒకటే: “మోటారు తిరుగుతోందండీ, కూత మాత్రం రావట్లేదు.” ఆ మాట అన్నారంటే అది క్లాక్సన్ రకమే. విప్పొద్దని చెప్పి, ముందు బటన్ నొక్కి ఆ చప్పుడు ఫోన్‌లో వినిపించమంటాను.

లోపల పల్చటి ఉక్కు రేకు, దాని మధ్యలో చిన్న బొడిపె. మోటారుకున్న పళ్ల చక్రం బొడిపెను తడుతూ పోతే రేకు అదిరి కూత పుడుతుంది. రెండూ అరిగి ఎడం పెరిగితే మిగిలేది ఉత్త గిర్రుమనే శబ్దమే. సర్దుబాటు స్క్రూ ఒక్క పిసరు తిప్పితే చాలు. మరీ బిగిస్తే చక్రం పట్టేస్తుంది, మోటారులోని కాయిల్ (రాగి తీగ చుట్ట) కాలిపోతుంది. మిల్లర్ రీస్ హచిసన్ రూపొందించిన ఈ హారన్ 1908లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. వినికిడి యంత్రం మీదా పనిచేసిన మనిషి కదా, ఆ పనితనం నాకు మహా ఇష్టం.

మొన్న ఒక పెద్దాయన బాగా కోపంగా వచ్చారు. “పెళ్లి ఊరేగింపులో పరువు పోయింది బాబూ!” ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చాను. మధ్యలో అడ్డుపడితే కోపం ఇంకా పెరుగుతుంది. తర్వాత మూత తీసి నల్లబడ్డ కాయిల్ చూపించాను. ఆరు వోల్టుల హారన్‌కు ఎవరో పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించారు.

“అయితే మళ్లీ చుట్టగలవా?”

“చుడతానండీ. బ్యాటరీ మార్చాకే బిగిస్తాను.”