కంపైలర్ ఊరుకున్న చోట

పర్లాకిమిడి, బుధవారం

బొమ్మల్ని చదివే లైబ్రరీ, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్, ఇవాళ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డుకి బిల్డ్ అయింది. కాశీనగర్ దారిలో ఉన్న మావయ్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పెట్టడానికి. కెమెరా తగిలించిన 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటరు బోర్డు, గుండ్లనీ (విరగని పప్పుల్నీ) బద్దలనీ వేరుగా గుర్తించాలి, గుండ్లలో మళ్ళీ సైజులు చెప్పాలి. 320 రకం అంటే పౌండుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. 240 రకమైతే 220 నుంచి 240. ఈ తేడాని చూడగానే పట్టేసే ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు. ఈ పెట్టె వాళ్ళకి సాయం కావాలి. అది తప్పు చెప్పి, ఆ తప్పు వాళ్ళ లెక్క మీద పడితే నేను ఒప్పుకోలేను.

నా లాప్‌టాప్‌ది ఎక్స్86 రకం ప్రాసెసర్, బోర్డుది 64 బిట్ ఆర్మ్. ఇక్కడ కంపైల్ చేసి, అంటే కోడ్‌ని బోర్డుకి అర్థమయ్యే రూపంలోకి మార్చి, అక్కడికి పంపాలి. పొద్దున బిల్డ్‌కి ముందు సిద్ధం చేసే కాన్ఫిగర్ దగ్గరే ఆగింది, 'ఆర్చ్64' (64 బిట్ ఆర్మ్‌కి ఇంకో పేరు) అనే మెషీన్ ఏమిటో తనకి తెలియదంది. తెలియకపోవడం న్యాయమే. ఆర్మ్ కంపెనీ 64 బిట్ డిజైన్‌ని ప్రకటించింది 2011 అక్టోబరులో, ఈ లైబ్రరీతో వచ్చిన, మెషీన్ల పేర్లు గుర్తుపట్టే కాన్ఫిగ్.సబ్ ఫైలు అంతకన్నా పాతది. దాని తోడు ఫైలు కాన్ఫిగ్.గెస్‌తో పాటు కొత్తది తెచ్చి పెడితే ముందుకి కదిలింది.

తరవాత స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఇలాంటప్పుడు చివరి లైను చూసి టెన్షన్ పడితే లాభం లేదు, పైకి వెళ్ళి మొట్టమొదటిది చదవాలి. అక్కడ ఉన్నది ఎమ్మిన్‌ట్రిన్ అనే హెడర్ ఫైలు దొరకలేదని ఒక్క మాటే. అది ఎస్ఎస్ఈ2 హెడర్, ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చెయ్యడానికి ఇంటెల్ 2000లో పెంటియం 4తో తెచ్చిన ప్రాసెసర్ సూచనలది. ఆర్మ్‌కి అది ఉండదు. ఆ భాగాన్ని ఎక్స్86కి మాత్రమే అని షరతు పెట్టి, మామూలు సీ కోడ్ దారి తెరిచాను. కింద ఉన్న ఎర్రర్లన్నీ దాంతోనే పోయాయి. ముక్కలన్నీ కలిపే లింక్ దగ్గర లాప్‌టాప్‌లోని పీఎన్‌జీ (బొమ్మల ఫైళ్ళ) లైబ్రరీని తగిలించబోయి, పొసగదని వదిలేసింది. లైబ్రరీలని వెతికిపెట్టే ప్యాకేజీ కాన్ఫిగ్‌కి బోర్డు సిస్‌రూట్ (బోర్డు ఫైళ్ళ నకలు ఉన్న ఫోల్డరు) దారి చూపించాక అదీ తేలింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటి మావుసి రజ పండగకి ముందే పోడపిఠా పంపింది, అదే భోజనమైంది.

మావయ్య ఫోన్ చేశాడు. "ఏటిరా, అయిపోయిందా?"

"బిల్డ్ అయింది మావయ్యా. పరీక్ష చెయ్యాలి."

"అయ్యాక మళ్ళీ పరీక్షేటి?"

ఆ పరీక్షలోనే అసలు సంగతి బయటపడింది. లాప్‌టాప్‌లోనే ఆర్మ్ మెషీన్‌ని అనుకరించే క్యూఈఎంయూ మీద నడిపి ఫ్యాక్టరీలో తీసిన ఫొటోలు ఇస్తే, లాప్‌టాప్‌లో మంచి గుండ్లన్నవాటినే ఇక్కడ బద్దలంది. ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఆ లైబ్రరీ మేక్‌ఫైల్‌లో, అంటే ఎలా బిల్డ్ చెయ్యాలో రాసిన ఫైలులో, వార్నింగులన్నీ నోరు మూయించే ఆప్షన్ ఉంది. దాన్ని తీసేసి, అదనపు వార్నింగులు పెట్టి మళ్ళీ కంపైల్ చేస్తే కంపైలర్ జీసీసీ చెప్పింది, ఒక పోలిక ఎప్పటికీ నిజం కాదని.

పక్కపక్క పిక్సెళ్ళ తేడాని అక్కడ క్యార్ అనే 8 బిట్ల రకంలో దాచారు, అది సున్నా కన్నా తక్కువా అని అడిగారు. క్యార్‌కి మైనస్ ఉండాలా వద్దా అన్నది సీ భాష ప్రమాణం కంపైలర్ చేసేవాళ్ళకే వదిలేసింది. లైనక్స్‌లో ఎక్స్86 మీద అది మైనస్ 128 నుంచి 127, ఆర్మ్ మీద 0 నుంచి 255. మైనస్ 3 కాస్తా 253 అయి కూర్చుంటుంది. అంచు దాటి చీకట్లోకి దిగే చోటు ఏదో దానికి తెలియనే తెలియదు.

క్యార్‌ని మైనస్‌తో చూడమనే ఫ్లాగ్ ఒకటి ఉంది, అది పెడితే ఆర్మ్ ఫలితం లాప్‌టాప్ ఫలితంలాగే వస్తుంది. కానీ లాప్‌టాప్ చెప్పేది మాత్రం నిజమని ఎవరన్నారు? 8 బిట్ల పిక్సెళ్ళ తేడా మైనస్ 255 నుంచి 255 దాకా పోవచ్చు. నల్లటి బెల్టు మీద తెల్లటి జీడిపప్పు, తేడా 200 వచ్చిందనుకుంటే అది క్యార్‌లో మైనస్ 56 అవుతుంది. అంటే ఎక్స్86 మీద కూడా పదునైన అంచులు ఇన్నాళ్ళూ తలకిందులుగానే లెక్క అవుతున్నాయి, ఎవరూ గమనించలేదు. ఫ్లాగ్ వదిలేసి 16 బిట్ల రకానికి మార్చాను. రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది. లాప్‌టాప్‌లో ఇదివరకు బద్దల్లోకి పోయిన కొన్ని గుండ్లు కూడా ఇప్పుడు గుండ్లుగానే వచ్చాయి. ఎంత ఆనందమేసిందో!

లైబ్రరీ రాసినవాళ్ళకి ఈ సవరణ పంపించాను, వార్నింగులు మూయొద్దని కూడా రాశాను. ఎస్ఎస్ఈ తీసేసిన చోట మామూలు కోడ్ నెమ్మదిగా నడుస్తోంది. రేపు దాన్ని ఆర్మ్‌లో అలాంటి పని చేసే నియాన్ సూచనలతో రాయాలి. స్క్రీన్ మీద వచ్చే మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలని మావయ్య మళ్ళీ గుర్తు చేశాడు, అది ఆ తరవాత.